మిద్దెల మీది ఇంటర్నెట్, సుబ్బమ్మ ఇంటి కరెంటు

2005 మార్చిలో మా యజమాని నన్ను కర్నూలు నుంచి కడపకు పంపారు. అప్పటికి నేను ఆయన కేబుల్ టీవీ నెట్‌వర్క్‌లో టెక్నికల్ సూపర్‌వైజర్‌ని. ఇంగ్లీషులో చెప్తే పెద్ద ఉద్యోగంలా వినబడుతుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కితే కింద నిలబడి తలెత్తి చూస్తూ, 'ఇంకొంచెం ఎడమకు' అనేవాడిని సూపర్‌వైజర్ అంటారు. అంతకు ముందు చాలా ఏళ్లు ఆ ఎడమకూ కుడికీ జరిగినవాడిని నేనే. ఎనిమిదో తరగతి సగంలో బడీ నేనూ ఒకరినొకరు వదిలేసుకున్నాం. రెండు వైపులా ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఆ తర్వాత నా చదువంతా తీగల మీదే.

యజమాని పేరు గోవిందరాజులు శెట్టి. తాతల నాటి నుంచి వేరుశనగ నూనె వ్యాపారం. కేబుల్ టీవీ మాత్రం ఆయన సొంతంగా పెట్టుకున్నది. కర్నూల్లో ఒక నెట్‌వర్క్, కడపలో ఒకటి. ఆ ఏడు ఆయన దగ్గరికి హైదరాబాదు నుంచి రెండు కంపెనీలు వచ్చాయి. మీ ఊళ్లలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తాం, మా ఫ్రాంచైజీ తీసుకోండి అన్నాయి. అప్పటి వరకు మా దగ్గర ఇంటర్నెట్ అంటే ఫోను తీగ మీద డయలప్. అది కీచుమని అరిచి, కాసేపు గొణిగి, కనెక్ట్ అయ్యేలోపు మనం ఏం చూడాలనుకున్నామో మరిచిపోయేవాళ్లం. పైగా అది నడిచినంతసేపూ ఇంట్లో ఫోను మోగదు. అందుకే బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకు అప్పట్లో గిరాకీ ఉండేది.

శెట్టిగారు సరుకు చూడకుండా బేరం కుదుర్చుకునే మనిషి కాదు. కడపలో ఒక వీధి ఒక కంపెనీకి, ఇంకో వీధి ఇంకో కంపెనీకి ఇచ్చి, వేసవి దాటేవరకు ట్రయల్ నడపమన్నారు. రెండు వీధులకూ నన్ను బాధ్యుణ్ణి చేశారు.

"రెండూ చూసి మనకు ఏది నప్పుతాదో చెప్పు మద్దిలేటీ. వాళ్లు ఇంగ్లీషులో ఏం చెప్పినా తలూపు. సంతకం మాత్రం యాడా పెట్టొద్దు" అన్నారు.

తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి బయలుదేరాను.

మొదటి కంపెనీది మోడెమ్ పద్ధతి. టీవీ బొమ్మను ఇంటికి తెచ్చే మా నల్లటి కోయాక్స్ తీగ మీదే ఇంటర్నెట్ కూడా పంపుతారు. ఇంట్లో మోడెమ్ అనే పెట్టె రెండింటినీ విడదీస్తుంది. కొత్త తీగ లాగే పని లేదు. అయితే టీవీ సిగ్నల్ కంట్రోల్ రూం నుంచి ఇళ్లకు పోతుందే గానీ తిరిగి రాదు. ఇంటర్నెట్ అలా కాదు, పోవాలి, రావాలి. లైను పొడవునా సిగ్నల్‌ను పెంచడానికి మేము పెట్టుకున్న యాంప్లిఫయర్లన్నీ ఒకవైపు దారివే. వాటన్నిటినీ మార్చాలి, అదీ మా ఖర్చుతో. మార్చాక కూడా తిరుగు దారిలో ఇంకో తిప్పలుంది. పోయేటప్పుడు ఒక్క సిగ్నల్ వీధంతా పంచుకుంటూ పోతుంది; వచ్చేటప్పుడు వీధిలోని గోలంతా ఒక్కచోటికి చేరుతుంది. ఒక ఇంట్లో జాయింటు వదులుగా ఉండి, వాళ్లు చట్నీకి మిక్సీ తిప్పారంటే వీధి మొత్తానికీ ఇంటర్నెట్ నత్తి కొడుతుంది. అది ఏ ఇంటి చట్నీయో కనిపెట్టడానికి లైన్‌మన్ గడప గడపా తిరగాలి. వసూలైన దాన్ని కంపెనీ, మేము పంచుకుంటాం. నెలకింత అని కట్టినవాడు ఎంతసేపైనా వాడుకోవచ్చు. కానీ మోడెమ్‌కు ముందే డిపాజిట్ కట్టాలి కాబట్టి చేరినవాళ్లు తక్కువ.

రెండో కంపెనీది మిద్దెల పద్ధతి. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే సన్న తీగను ఒక మిద్దె మీది నుంచి ఇంకో మిద్దె మీదికి లాగుతారు. ఆ తీగలో సిగ్నల్ వంద మీటర్లు దాటితే నిలవదు. అందుకని కొన్ని ఇళ్లకొకచోట స్విచ్ అనే చిన్న పెట్టె పెట్టి, అక్కడి నుంచి చుట్టూ ఉన్న ఇళ్లకూ, ఆపైన తర్వాతి స్విచ్‌కూ తీగ ఇస్తారు. గొలుసు మాదిరి. మోడెమ్ లేదు, డిపాజిట్ లేదు. గంటల లెక్కన ముందుగా కొనుక్కుని వాడుకోవడమే. ఫ్రాంచైజీ తీసుకున్న మాకు పెట్టుబడి దాదాపు లేదు. అందుకు బదులుగా కస్టమరు కంపెనీ మనిషి. బిల్లు కంపెనీది, ఫిర్యాదు చెప్పుకోవలసింది హైదరాబాదులో ఉన్న కంపెనీ నంబరుకు. మేము తీగ లాగి కమీషన్ తీసుకునేవాళ్లం, అంతే.

సర్కారు ఫోన్లవాళ్లు కూడా ఫోను తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ తెస్తున్నారని ఒక మాట తిరుగుతూ ఉండేది. ఆ మాట వింటే రెండు కంపెనీలవాళ్లూ నవ్వేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం. ఫోను కనెక్షన్ కోసమే ఏళ్ల తరబడి కాచుకున్న ఊళ్లో ఆ నవ్వు రావడం సహజమే.

ఈ రెండు పద్ధతులకూ కరెంటు దగ్గర ఒక తేడా ఉంది. కోయాక్స్ తీగ సిగ్నల్‌తో పాటు యాంప్లిఫయర్లకు కావలసిన కరెంటును కూడా మా కంట్రోల్ రూం నుంచే మోసుకుపోతుంది. వీధిలో కరెంటు పోయినా, మా జనరేటర్ తిరుగుతున్నంతవరకు లైను బతికే ఉంటుంది. సన్న తీగకు ఆ గుణం లేదు. ప్రతి స్విచ్‌కూ అది కూర్చున్న ఇంటి కరెంటే దిక్కు.

మిద్దెల కంపెనీ తరఫున ప్రసాద్ అనే ఇంజనీరు వచ్చాడు. వయసు చిన్నదే గానీ పని తెలిసిన మనిషి. వచ్చిన రోజే అడిగాడు, స్విచ్‌లకు కరెంటు ఎవరిస్తారని. మా కడప లైన్‌మన్ ఓబులేసు జవాబు చెప్పాడు.

"ఎవురిదైతే ఏముంది సార్. కడపలో మిద్దె అడిగితే ఎవురూ కాదనరు. కరెంటు కూడా అంతే. బిల్లు మగోడు కడతాడు, మాట మేము ఇంట్లో ఆయమ్మతో మాట్లాడతాం."

అందరం నవ్వాం. ప్రసాద్ కూడా నవ్వి, "మీ ఊరు మీకు తెలుసు" అన్నాడు. కానీ ఆ ప్రశ్న ఇంకోసారి అడిగాడు. రెండోసారి కూడా మేము అదే చెప్పాం.

ఓబులేసు చెప్పింది అబద్ధం కాదు, మా వృత్తిలో పాతుకుపోయిన ఆచారం. కేబుల్ టీవీ మొదటి రోజుల నుంచీ మా తీగలు నడిచింది జనం మిద్దెల మీదే. పిట్టగోడకు కొక్కెం కొట్టాలన్నా, పెట్టె తగిలించాలన్నా ఇంటావిడను అడిగి, మజ్జిగ ఇస్తే తాగి, ఆ ఇంటికి టీవీ కనెక్షన్ ఉచితంగా ఇచ్చేవాళ్లం. కాగితం లేదు, గడువు లేదు. అలాంటివాటిని 'మిద్దె ఇచ్చిన ఇండ్లు' అనేవాళ్లం. ఆ ఇళ్ల ఆడవాళ్లను అక్కా, అత్తా అని పిలిచేవాళ్లం. కేబుల్ టీవీకి ఆ పద్ధతి సరిపోయింది. సీరియల్ ఒకరోజు రాకపోతే ఎవరి బతుకూ ఆగదు. ఆగుతుందని వాదించేవాళ్లు నాకు కొందరు తెలుసు గానీ వాళ్లు కూడా మర్నాటికి మామూలైపోయేవాళ్లు.

ఇంటర్నెట్‌కూ అదే పద్ధతి పెట్టాం. మొదట స్విచ్‌లను మిద్దెల మీద డబ్బాల్లో పెట్టారు. కడప ఎండ మిగతా ఊళ్ల ఎండలాంటిది కాదు. ఏప్రిల్ వచ్చేసరికి డబ్బా లోపల స్విచ్ ఉడికిపోయేది. రెండు పోయాక, మిగతావాటిని ఇళ్ల లోపలికి దించాలని ప్రసాదే చెప్పాడు. ఆ విధంగా వీధి మధ్యలో ఉన్న స్విచ్ సుబ్బమ్మగారి హాల్లో, టీవీ పక్కకు చేరింది.

సుబ్బమ్మకు అరవై దాటాయి. భర్తకు కిరాణా అంగడి. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఎవరికీ దాని అవసరం కూడా లేదు. మేము అడిగామని పెట్టుకోనిచ్చింది. దుమ్ము పడుతుందని దాని మీద అంచుకు లేసు కుట్టిన గుడ్డ కప్పింది. గాలి ఆడాలమ్మా, గుడ్డ తీసేయమని నేను చెప్తే తీసి, నన్ను అడిగింది:

"ఇది రాత్రీ పగలూ కన్నుకొడతానే ఉండాది గదా నాయనా, దీనికి నిద్ర రాదా?"

"దానికి నిద్రొస్తే మాకు నిద్ర పోతాదత్తా" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ పెట్టె గురించి మా మధ్య జరిగిన సంభాషణ మొత్తం అదే.

ఆ స్విచ్ అవతల, గొలుసు చివర, రహమతుల్లా ఇల్లు ఉండేది. ముప్పై ఏళ్ల మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. డిగ్రీ చదివి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకున్నాడు. తెలియనివాళ్లకు చెప్తాను: విదేశాల్లో డాక్టర్లు రోగిని చూశాక వివరాలు రాయరు, మైకులో చెప్పేస్తారు. ఆ గొంతు ఇంటర్నెట్ మీద ఇక్కడికి వస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని అది విని, తప్పు లేకుండా టైపు చేసి, వాళ్లు చెప్పిన గడువులోపు వెనక్కి పంపాలి. గొంతును ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద పెడల్ ఉంటుంది. రహమతుల్లా ఆ పెడల్‌ను బల్ల మీద పెట్టుకుని ఎడమ మోచేత్తో నొక్కేవాడు. నేను చూస్తూ నిలబడితే, "కుట్టు మిషనోళ్లు చూస్తే నవ్వుతారన్నా" అన్నాడు.

అతను పనిచేసే సంస్థ హైదరాబాదులో ఉంది. మొదట అక్కడే ఆఫీసులో కూర్చుని పనిచేశాడు. గది రెండో అంతస్తులో, ఆఫీసు నాలుగో అంతస్తులో, నడుమ సిటీ బస్సు. కొన్ని నెలలు నెగ్గుకొచ్చి, ఆరోగ్యం దెబ్బతిని తిరిగొచ్చేశాడు. పని బాగా చేస్తాడు కాబట్టి సంస్థ వాళ్లు ఇంటి నుంచి చేయడానికి ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు మీద. ఒక్కసారి గడువు తప్పినా మళ్లీ వచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చోవాలి, లేదా మానుకోవాలి. వాళ్లకు ఇంట్లో కూర్చుని పనిచేసేవాడు అతనొక్కడే. తల్లి, చెల్లెలు అతని సంపాదన మీదే ఉన్నారు. డయలప్ మీద గొంతు ఫైలు దిగడానికే సగం పూట పోయేది. మా కనెక్షన్ వచ్చాక నిమిషాల్లో దిగేది; కరెంటు కోత లేని వేళ చూసుకుని పని పంపుకునేవాడు. దాన్ని నమ్మి ఫోను కనెక్షన్ తీసేయించాడు.

కనెక్షన్ ఇచ్చిన రోజు అందరూ అడిగినట్టు వేగం ఎంత అని అతను అడగలేదు.

"ఆగిపోతే ఎవురికి చెప్పాల?" అన్నాడు.

నేను కంపెనీ నంబరు చెప్పాను. ఓబులేసు అడ్డొచ్చి, "నంబరెందుకు భాయ్, నాకు చెప్పు. రొంత సేపట్లో వస్తా" అన్నాడు. రహమతుల్లా ఇద్దరి మొహాలూ చూసి తలూపాడు.

మే నెలలో ఒక శనివారం పొద్దున అతని దగ్గరి నుంచి ఓబులేసుకు కబురొచ్చింది, ఇంటర్నెట్ లేదని. చివరి ఇళ్లన్నిటికీ పోయింది. గొలుసు వెంట వెనక్కి వస్తే సుబ్బమ్మ ఇంటి దగ్గర ఆగింది. గేటుకు తాళం. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి ఇంటిల్లిపాదీ శ్రీశైలం బయలుదేరారని పక్కింటాయన చెప్పాడు. నాలుగైదు రోజులు అక్కడే ఉంటారట. పోయేటప్పుడు మా వైపు అందరూ చేసే పనే వాళ్లూ చేశారు: మెయిన్ దించి తాళం వేశారు.

"మెయిన్ దించకుండా ఊరికి పోతే ఎట్లప్పా. పోయినేడు వెనక వీధిలో ఒకరి ఇల్లే కాలిపాయ" అన్నాడు పక్కింటాయన. ఆయన చెప్పిందాంట్లో తప్పు వెతకడానికి లేదు.

నేను వెళ్లేసరికి ఓబులేసు గేటు ముందు కూర్చుని ఉన్నాడు. అప్పటికే కంపెనీ నంబరుకు ఫోను చేశాడు. ఫిర్యాదు రాసుకున్నామనీ, రెండు పనిదినాల్లో సరిచేస్తామనీ చెప్పారట. శనివారం చెప్పిన రెండు పనిదినాలు అంటే మంగళవారం.

"ఫోనెత్తిన ఆయమ్మ శానా మర్యాదగా చెప్పిందన్నా. తిట్టనీకి కూడా సందు ఇయ్యలా" అన్నాడు.

సుబ్బమ్మ కొడుకు సెల్‌ఫోనుకు ప్రయత్నించాం. ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు సిగ్నల్ ఉండదు. పక్కింటి మిద్దె మీది నుంచి సుబ్బమ్మ మిద్దె మీదికి దిగడం మాకు కష్టం కాదు. కానీ స్విచ్ హాల్లో ఉంది, మిద్దె తలుపుకు లోపలి గడియ. ఓబులేసు తలుపు వైపు చూసి నా వైపు చూశాడు. వద్దన్నాను. దేవుని దగ్గరికి పోయినవాళ్ల ఇంటి తలుపు పగలగొట్టినవాడికి ఆ వీధిలో ఇంకెవరూ మిద్దె ఇవ్వరు. పగలగొట్టడం తప్పు అనే సంగతి సరే, మా వ్యాపారం నిలబడింది కూడా ఆ తలుపుల మీదే.

మిగిలింది ఒకటే దారి. బయట మిద్దె మీద తీగలు కోసి, పక్కింట్లో ఇంకో స్విచ్ పెట్టి కలపడం. కంపెనీ స్విచ్ మా దగ్గర మిగులు లేదు. బజార్లో స్విచ్‌లు దొరుకుతాయి. శెట్టిగారికి ఫోను చేశాను. ఆయన వెంటనే వద్దన్నారు. కంపెనీ లైనులో బయటి పరికరం పెడితే ఆ పూటే ట్రయల్ రద్దు చేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. నేను ఆ సమావేశంలో తలూపాను కూడా. ప్రసాద్‌కు చేస్తే, తన చేతిలో లేదనీ, పైవాళ్లను అడుగుతాననీ అన్నాడు. అతను అడిగాడనే నమ్ముతాను. జవాబు మాత్రం సోమవారం వచ్చింది, కుదరదని.

రహమతుల్లా ఇంటికి వెళ్లాం. పొద్దున చేసిన పని సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం లోపు పంపాలి. తర్వాతి ఫైళ్లు దించుకోవాలి. నెట్ సెంటరుకు పోయి పంపకూడదా అని ఓబులేసు అడిగాడు. రోగుల వివరాలు బయటి కంప్యూటర్ల మీద తెరవకూడదని సంస్థ కట్టడి. తెరిస్తే అది గడువు తప్పడం కంటే పెద్ద నేరం.

"హైదరాబాదోళ్లకు చెప్పి చూడు భాయ్, లైను పోయిందని" అన్నాడు ఓబులేసు.

"ఆఫీసులో అందురికీ ఉండే లైను నీకెందుకు పోయిందంటారు. ఇంటినుంచి చేస్తాండావు గనక పోయింది, ఈడికి రా అంటారు" అన్నాడు రహమతుల్లా. గొంతు పెంచలేదు.

మోడెమ్ పద్ధతి ట్రయల్ నడుస్తున్న వీధి అక్కడికి దూరమే. ఆ వీధిలోనే మా కంట్రోల్ రూం. పరీక్ష కోసం ఒక మోడెమ్ అక్కడే పెట్టుకున్నాం. కంప్యూటర్ తీసుకుని అక్కడికి పోదామన్నాను. అయితే డిష్ యాంటెన్నాలు మిద్దె మీద ఉంటాయి కాబట్టి కంట్రోల్ రూం మూడో అంతస్తులో ఉంది. ఆ సంగతి కూడా చెప్పాను.

అతను హెడ్‌ఫోన్ చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

ఆటోలో పోయాం. మెట్ల దగ్గర ఓబులేసు అతన్ని ఎత్తుకోవడానికి వంగాడు.

"నన్ను ముట్టుకోవద్దు. పెట్టెను మోయండి. నేను పడితే లేస్తా, అది పడితే లేయదు" అన్నాడు.

మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, రెండు అరచేతులూ పై మెట్టు మీద ఆనించి, ఒంటిని లేపి, ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. చచ్చుబడ్డ కాళ్లు వెనకాలే వచ్చాయి. ఎండకు మెట్లు కాలుతున్నాయి. ఓబులేసు దగ్గర మానిటర్, నా దగ్గర సీపీయూ. అతన్ని దాటి ముందుకు పోవడం బాగుండదని, అతను ఎక్కిన ప్రతి మెట్టుకూ కింది మెట్టు మీద ఆగాం.

పైన కంప్యూటర్ కలిపాం. పని పంపే నడుమలో కరెంటు పోయింది. మే నెల మధ్యాహ్నం పోకపోతేనే వింత. యూపీఎస్ కూత పెట్టింది, కింద జనరేటర్ అందుకుంది, మోడెమ్ దీపాలు ఆరలేదు. ఫైలు పోయింది. అందినట్టు జవాబు వచ్చేవరకు అతను తెర మీది నుంచి చూపు తిప్పలేదు. వచ్చాక చేతులు తుడుచుకున్నాడు. అరచేతులు కందిపోయాయి.

ఓబులేసు నీళ్లు తెచ్చిచ్చాడు. రహమతుల్లా తాగి నన్ను అడిగాడు:

"ఒకటి చెప్పన్నా. నేను డబ్బు కట్టేది ఎవురికి? తీగ లాగింది మీరు. ఫోను ఎత్తేది వాళ్లు. కరెంటు ఇచ్చేది సుబ్బమ్మ. మీ ముగ్గురిలో నాకు మాటిచ్చింది ఎవురు?"

నాకు తెలిసిన జవాబు ఫ్రాంచైజీ ఒప్పందంలో ఉంది. అది అతనికి చెప్పదగ్గ జవాబు కాదు.

సుబ్బమ్మ వాళ్లు తిరిగొచ్చేవరకు ప్రతిరోజూ అతను ఆ మెట్లు ఎక్కాడు. మొదటిరోజు తర్వాత చేతులకు పాత సాక్సులు తొడుక్కుని వచ్చాడు. కంప్యూటర్‌ను కంట్రోల్ రూంలోనే ఉంచి తాళం అతని చేతికిచ్చాం. ఒక్క గడువూ తప్పలేదు.

సుబ్బమ్మ వచ్చిన పూట నేను వాళ్లింటికి వెళ్లాను. ప్రసాదం చేతిలో పెట్టింది. జరిగింది చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. నిందిస్తున్నానని అనుకుందేమోనని, నీ తప్పు లేదత్తా అన్నాను.

"నా తప్పు ల్యాదని నాకు తెల్సు నాయనా. ఆ పెట్టెను టీవీ కోసరం పెట్టినారనుకుంటి. దానెనక ఒక మనిషి అన్నం ఉండాదని నాకెవురు చెప్పిరి? చెప్పింటే తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోయిందును గదా."

ఆమె మాట నిజం. కంపెనీ ఆమె పేరు ఎరగదు. మేము ఆమెను అత్తా అని పిలిచాం గానీ, ఆ పెట్టె ఆగితే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పాలని మా పద్ధతిలో లేదు. చెప్తే కాదంటారేమో అనే అనుమానం పద్ధతి అడుగున ఎక్కడో ఉంది.

ట్రయల్ ముగిశాక కర్నూలు వెళ్లి శెట్టిగారికి నా అభిప్రాయం చెప్పాను. మోడెమ్ పద్ధతిలో లైను గట్టిది. ఖర్చంతా మన నెత్తిన పడుతుంది, తిరుగు దారి గోలతో లైన్‌మన్ల ప్రాణం పోతుంది. మిద్దెల పద్ధతి మనకు చౌక. ఎందుకు చౌకంటే, కరెంటు మిద్దె ఇచ్చిన ఇంటి మీద, మాట పడటం ఓబులేసు మీద, నష్టం కస్టమరు మీద పెట్టాం కాబట్టి. స్విచ్‌లకు మనమే చిన్న గదులు అద్దెకు తీసుకుని, బ్యాటరీ పెట్టి, తాళం మన దగ్గర ఉంచుకుంటే ఆ పద్ధతి కూడా పనికొస్తుందని చెప్పాను.

శెట్టిగారు ప్రసాద్‌ను పిలిపించి అడిగారు. అతను దాచలేదు. అలా పెడితే ఆ రేటుకు ఇవ్వలేమనీ, రేటు పెంచితే మోడెమ్ కంపెనీకీ తమకూ తేడా ఉండదనీ చెప్పాడు. ఈ ప్రశ్న తాను మార్చిలోనే అడిగానని అతను గుర్తుచేయవచ్చు. చేయలేదు.

శెట్టిగారు చాలాసేపు ఆలోచించి మిద్దెల పద్ధతే తీసుకున్నారు, ఉన్నది ఉన్నట్టు.

"యాంప్లిఫయర్లన్నీ మార్చే శక్తి నాకు లేదు మద్దిలేటీ. రెండేళ్లు నడిస్తే శానా. ఆ తర్వాత చూస్తాం" అన్నారు. వ్యాపారిగా ఆయన లెక్క ఆయనది. దానికి నేను అడ్డం చెప్పలేదు. నా హోదాకు అభిప్రాయం చెప్పే హక్కే ఉంది, నిర్ణయించే హక్కు లేదు. ఒక్కటి మాత్రం అడిగి ఒప్పించుకున్నాను. కంట్రోల్ రూం కింద ఖాళీగా ఉన్న గదిలోకి ఒక మోడెమ్ లైను దించి, మోడెమ్ కంపెనీ తన సామాను తీసుకుపోయేవరకు రహమతుల్లాను అక్కడ పని చేసుకోనివ్వడం.

అతను ఆ గదిలో కొన్ని నెలలు పనిచేశాడు. ఈలోగా ఫోను కనెక్షన్ మళ్లీ పెట్టించుకున్నాడు. మేమంతా నవ్వుకున్న సర్కారు బ్రాడ్‌బ్యాండ్ నిజంగానే వచ్చింది. దాని లైను టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బ్యాటరీల మీద నడుస్తుంది. వీధిలో ఎవరి మెయినూ దాన్ని ఆపలేదు. ఆ వీధిలో మొదట తీసుకున్నవాడు రహమతుల్లానే. మా లైను ఇప్పుడు బాగా నడుస్తోంది, మళ్లీ రమ్మని నేనే స్వయంగా వెళ్లి అడిగాను. నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, చెప్పాడు.

"నీ మీద, ఓబులేసు మీద నాకు నమ్మకం ఉండాదన్నా. మీరు వస్తారు. మీరు రావాల్సి వచ్చే లైను నాకొద్దు."

రెండేళ్లు గడవకముందే మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే అటు మళ్లారు. మిద్దెల కంపెనీ మూతపడింది. మిద్దెల మీద మిగిలిన సన్న తీగలను చాలా ఇళ్లలో బట్టలు ఆరేసుకోవడానికి వాడుకున్నారు. వేగం సంగతి ఎలా ఉన్నా, దానికి మాత్రం అది మంచి తీగే.

రిటైరయ్యేవరకు ఇంకా చాలా కంపెనీలు, చాలా పద్ధతులు చూశాను. ఎవరు కొత్త పథకం తెచ్చినా వేగం, రేటు చివర్లో చూసేవాడిని. ధర తక్కువగా ఉందంటే మిగతా ధర ఇంకెవరో కడుతున్నారని అర్థం. వాళ్లెవరో ముందు కనుక్కోవాలి. కడుతున్నామని వాళ్లకు తెలుసో లేదో తర్వాత కనుక్కోవాలి. తెలియకపోతే, లైను వెలుగుతున్నా సరే, ఆ పని పూర్తి కానట్టే లెక్కించేవాడిని.